చదువరి పోస్టు, ఒకటి

ముద్రణాలయంలో ఆమెను అందరూ చదువరమ్మ అనేవారు. సర్కారు కాగితాల్లో ఆమె హోదా చదువరి. పుస్తకాలు చదువుకుని ఆనందించే మనిషి అనుకునేరు, ఆ భాగ్యం ఆమెకెప్పుడూ లేదు. ఆమె పని బిగ్గరగా చదవడం. అచ్చుకి వచ్చిన రాతప్రతి ఆమె చేతిలో ఉంటుంది. అచ్చు తీసిన ప్రూఫు ఎదుటి కుర్చీలో కూర్చున్న ప్రూఫ్ రీడరు చేతిలో ఉంటుంది. ఆమె రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టు పైకి చదవాలి, ఆయన వింటూ ప్రూఫులో చూసుకోవాలి. సరిపోతే "సరే" అంటాడు. ఆయన సరే అనేదాకా ఆమె తర్వాతి లైనుకి వెళ్లకూడదు. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి, బ్రాకెట్ తెరుచుకుంటే తెరుచుకుందని, మూసుకుంటే మూసుకుందని చెప్పాలి. ఇరవై మూడేళ్లుగా దేశంలోని ప్రతి చట్టం, ప్రతి నోటీసు, ప్రతి టెండరు కామాలతో సహా ఆమె గొంతులోంచే వెళ్లింది. వాటిలో ఒక్కటీ ఆమె బుర్రలో నిలవలేదు, బడ్జెట్టు తప్ప.

ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పచారీ చీటీ చదివినా "పంచదార, కామా, రెండు కిలోలు, ఫుల్‌స్టాప్" అని చదివేది. పెళ్లయిన కొత్తలో మాటా మాటా పెరిగితే మొగుడు చేతులెత్తేసి, "ఇక ఫుల్‌స్టాప్ పెట్టు తల్లీ" అనేవాడు. "నేనింకా కామాలోనే ఉన్నాను" అనేది ఈవిడ. ఆయన చేతిగడియారాలు బాగుచేస్తాడు. మనిషి మంచివాడు, పనితనం ఉన్నవాడు, కాలమే కలిసిరాలేదు. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక, గడియారం ఆగిపోయిందని దుకాణం మెట్లెక్కే మనిషి వారానికి ఒక్కడు కూడా కనబడడం లేదు. వాళ్లకి ఒక్కతే కూతురు, నర్సింగ్ కాలేజీలో చదువుతోంది. ఇంకా రెండేళ్ల చదువుంది. ఆ రెండేళ్లూ గట్టెక్కాలంటే చదువరమ్మ గొంతు పనిచేస్తూ ఉండాలి. ఆ ఇంట్లో ముగ్గురికీ కంఠతా వచ్చిన లెక్క అదొక్కటే.

ఎదుటి కుర్చీలో ఆయన్ని మాస్టారు అనేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పి ఎరగడు. క్యాంటీన్ గోడ మీది బోర్డు దగ్గర్నుంచి మేనేజరుగారి అమ్మాయి శుభలేఖ దాకా ఎక్కడ తప్పు కనబడినా పెన్సిలు తీసి దిద్దేస్తాడు కాబట్టి ఆ పేరు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. పైసా దగ్గర పిసినారి, మాట దగ్గర కాదు. బస్సు మానేసి నడిచి, టీ మానేసి నీళ్లు తాగి, పన్నెండేళ్ల ఇంటి అప్పు ఎనిమిదేళ్లలో తీర్చేసిన ఘనుడు. ఆ కథ ముద్రణాలయంలో వినని చెవి లేదు. విన్నవాళ్లకి కూడా మళ్లీ వినిపించేవాడు.

ఇద్దరూ కూర్చునే గది మొదటి అంతస్తులో ఓ మూల ఉంది. కింద యంత్రాలు తిరిగితే పైన బల్ల వణికేది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ కనిపించేది, అదీ అరచేతి దూరంలో. చదువరమ్మ చేరిన కొత్తలో ఆ అంతస్తులో ఇలాంటి జంటలు నాలుగుండేవి. గదికి రెండు ఫ్యాన్లు, చదివేవాళ్ల గొంతు కోసం వేడినీళ్ల కెటిలు, నెలకో డబ్బా గొంతు బిళ్లలు ఇచ్చేవారు. తర్వాత మొదటి పొదుపు ఉత్తర్వు వచ్చింది. దేశం అప్పుల్లో ఉంది, అందరూ తలో చెయ్యి వేయాలన్నారు. గొంతు బిళ్లలు ఆగిపోయాయి. రెండో ఉత్తర్వుకి కెటిలు పోయింది, ఒక ఫ్యాను పోయింది. మూడో ఉత్తర్వుకి ఎర్రపెన్సిళ్లని సగానికి కోసి ఇవ్వమన్నారు, పొడుగు పెన్సిలు చూస్తే మనిషి విచ్చలవిడిగా దిద్దుతాడని కాబోలు. చేత్తో కోస్తే పెన్సిళ్లు చీలిపోతున్నాయని కోయడానికి ఒక యంత్రం కొన్నారు. దాని ఖరీదు పెడితే పదకొండేళ్లకి సరిపడా పెన్సిళ్లు వచ్చేవి. ఆ మాట మాస్టారు మేనేజరుతో అంటే, "యంత్రం వేరే పద్దండీ, పెన్సిళ్లది వేరే పద్దు" అన్నాడాయన. నాలుగో ఉత్తర్వు నుంచి మనుషుల వంతు మొదలైంది. ఒక్కో జంటా పోయి చివరికి ఈ ఒక్కటే మిగిలింది.

ఈ ఒక్కటీ మిగలడానికి కారణం బడ్జెట్టు. మిగతా కాగితాలు సరిచూడడానికి యంత్రాన్ని నమ్మొచ్చు గాని, బడ్జెట్టు రాతప్రతి మీద ఆఖరి నిమిషం దాకా అధికారులు చేతిరాతతో అంకెలు కొట్టేసి, పైన రాసి, పక్కన బాణాలు వేస్తూనే ఉంటారు. దాన్ని మనిషి నోటితో చదవాలి, మనిషి కంటితో సరిచూడాలి. అచ్చయ్యే వారం రోజులూ గేటుకి తాళం పడుతుంది. లోపలివాళ్లు లోపలే పడుకోవాలి, ఫోన్లు మేనేజరు బీరువాలో ఉంటాయి. రాతప్రతిని ఆర్థిక శాఖ నుంచి ఒక ఆఫీసరు సీలు వేసిన సంచిలో తెస్తాడు. ఏళ్ల తరబడి ఆయనే వస్తున్నాడు, ఏళ్ల తరబడి ఆయన్ని వీళ్లు సంచి సారు అనే అంటున్నారు.

ఏడాదికోసారి చదివే అంకెలే అయినా చదువరమ్మకి అవి ఇంట్లో పిల్లల ఎత్తులా గుర్తుండిపోయాయి. ఆమె చేరిన ఏడు దేశం అప్పు నాలుగు లక్షల కోట్లు. ఈ ఏడు పద్దెనిమిది లక్షల కోట్లు. మధ్యలో ఏడు పొదుపు ఉత్తర్వులు వచ్చాయి. ప్రతిసారీ బడ్జెట్టు వెనక ఒక అనుబంధం ఉండేది, ఏమేం తగ్గించారో వరసగా రాసి కింద మొత్తం వేసేవారు. ఆ మొత్తాన్నీ ఆమే చదివేది, అప్పు అంకెనీ ఆమే చదివేది. రెంటినీ ఒక్క నోటితోనే చదివిన మనిషికి సిగ్గు వేసినంతగా దేశంలో ఇంకెవరికీ వేసి ఉండదు.

ఈ ఏడాది కూడా గేటుకి తాళం పడింది. రెండో రోజు పొద్దున ఆమె గొంతు అప్పటికే బొంగురుపోయింది. వడ్డీల పేజీ చదివి, మాస్టారు సరే అన్నాక, కాగితం కింద పెట్టింది.

"లక్షా ముప్పై వేల కోట్లు మాస్టారూ. ఒక్క ఏడాది వడ్డీ. రోజుకెంత పడుతుందో వేసి చూశారా?"

"నువ్వు వేసే ఉంటావులే, చెప్పు."

"మూడు వందల యాభై కోట్ల పైమాటే. పోయినేడు పొదుపు పేజీలో మొత్తం ఎంతనుకున్నారు? రెండు వందల తొంభై. ఏడాదంతా మన ఫ్యాన్లూ కెటిళ్లూ పీక్కుపోయి కూడబెట్టింది ఒక్క రోజు వడ్డీకీ చాల్లేదు. ఏనుగు దాహానికి చూరునీళ్లంటే ఇదే."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ మధ్య ఆయన అద్దాలు తుడుచుకోవడం ఎక్కువైంది. "అమ్మాయ్, బొట్టు బొట్టుగానే కుండ నిండుతుంది. నా ఇంటి అప్పు..."

"మీ ఇంటి అప్పు తీరింది మాస్టారూ, కాదనను. మీకు జీతం ఏడాదికేడాది పెరిగింది, కొత్త అప్పు చేయలేదు, అందుకని తీరింది. వీళ్లు పొద్దున పాత అప్పుకి వడ్డీ కట్టడానికి మధ్యాహ్నం కొత్త అప్పు చేస్తారు. సాయంత్రం మనకి గొంతు బిళ్లలు మానేయమంటారు."

"ఒక ఏడు అప్పు తగ్గిందిగా! నువ్వే చదివావు. తొమ్మిదేళ్ల కిందట."

"తగ్గింది. ఆ ఏడు వ్యాపారాలు బాగా సాగి పన్నులు వచ్చిపడ్డాయి. పైగా ఏదో పెద్ద పద్దు ఒకటి ఆపేశారు, దాని మీద నెల రోజులు గొడవలయ్యాయి. మీరు మర్చిపోయారు గాని, ఆ ఏడు పొదుపు పేజీ అసలు లేనే లేదు."

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న సంచి సారు నవ్వాడు. ఆయన కళ్ల కింద నల్లగా ఉంది, నాలుగు రోజులుగా నిద్ర లేనట్టుంది. "అమ్మా, మాకు మాత్రం తెలీదనుకున్నారా? పెద్ద పద్దు మీద చెయ్యి వేస్తే అది అరుస్తుంది. వడ్డీ మీద వేయలేం, పింఛన్ల మీద వేయలేం. పన్ను పెంచుదామంటే పైవాళ్లు ఒప్పుకోరు. అందుకని అరవనివాటినే కోస్తాం" అన్నాడు. అని, చేతిలోని ఆఖరి కట్ట బల్ల మీద పెట్టి, ఆమె ముఖం చూడకుండానే వెళ్లిపోయాడు. చూడకపోవడం ఎందుకో అప్పుడు ఆమెకి తట్టలేదు.

ఆ కట్ట పొదుపు అనుబంధం. మొదటి పేజీలో నిబంధనలు ఉన్నాయి. "ఖాళీ అయిన ఏ పోస్టునూ ఈ ఏడాది భర్తీ చేయరాదు, ఫుల్‌స్టాప్." "సరే." "కొత్త వాహనాలు కొనరాదు, ఫుల్‌స్టాప్." "సరే." ఇద్దరూ గానుగెద్దుల్లా సాగిపోతున్నారు. ఇందులో ఒక రహస్యం ఉంది. ఇన్నేళ్లు ఈ పని చేసినవాళ్లకి అక్షరాలు వినబడతాయి, అర్థం వినబడదు. అర్థం వినడం మొదలుపెడితే కామాలు జారిపోతాయి. అందుకే వాళ్లు దేశంలోని చట్టాలన్నీ సరిచూసి కూడా ఏ చట్టమూ ఎరగని మనుషులు.

రెండో పేజీలో శాఖల వారీ జాబితా మొదలైంది. చదివేవాళ్ల నోరు ఒక లైనులో ఉంటే కన్ను రెండు లైన్లు ముందుంటుంది. "ముద్రణాలయం, కామా, వాహనం మరమ్మతులు, కామా, మూడు లక్షలు, ఫుల్‌స్టాప్" అని నోరు అంటుండగా కన్ను కింద పడింది. చదువరి పోస్టు, ఒకటి, రద్దు, అయిదు లక్షలు.

అర్థం ఎప్పుడూ వినబడని మనిషికి ఆ ఒక్క లైను అర్థంతో సహా వినబడింది. ముద్రణాలయంలో చదువరి పోస్టు ఒక్కటే ఉంది. అందులో ఆవిడే ఉంది. పోస్టు రద్దయితే మిగులు సిబ్బంది జాబితాలో వేస్తారు, ఎక్కడైనా ఖాళీ దొరికేదాకా సగం జీతం. ఈ ఏడాది ఏ ఖాళీనీ నింపకూడదని ఇందాకే తన నోటితో చదివింది. సగం జీతంతో ఇంటద్దె అయినా కట్టాలి, కాలేజీ ఫీజు అయినా కట్టాలి. కూతురు తెల్లకోటు వేసుకుని అద్దంలో చూసుకోవడం గుర్తొచ్చింది. చావు కబురు చల్లగా చెబుతారంటారు గాని, ఇక్కడ ఎవరి కబురు వాళ్లనే పైకి చదవమన్నారు.

"సరే" అన్నాడు మాస్టారు. అంటే తర్వాతి లైను చదవమని.

అప్పుడు చదువరమ్మ ఇరవై మూడేళ్లలో చేయని పని చేసింది. ఆ లైను వదిలేసి కిందది చదివింది. "కొలతల శాఖ, కామా, ఫర్నిచరు, కామా, పదకొండు లక్షలు, ఫుల్‌స్టాప్."

ఆమె తెలివితక్కువది కాదు. ప్రూఫులో ఆ లైను ఉంది. చదివినదాంట్లో లేని లైను ప్రూఫులో కనబడితే ప్రూఫ్ రీడరు ఆపుతాడు. "ఇక్కడొక లైను ఎక్కువుంది, ప్రతిలో ఉందా?" అంటాడు. "లేదు" అంటే ఎర్రపెన్సిలుతో కొట్టేస్తాడు. కొట్టేసినది అచ్చులోకి పోదు. అచ్చులో లేనిది చట్టసభ ముందుకి పోదు. ఒక్క "లేదు" అంటే చాలు. ఆ మాట నాలిక చివర పెట్టుకుని మాస్టారు వైపు చూసింది.

మాస్టారు ప్రూఫు మీది స్కేలుని ఒక లైను కిందికి జరిపాడు. "సరే" అన్నాడు.

చదువరమ్మకి ముందు బోధపడలేదు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడేమో అనుకుంది. ఇంకో లైను చదువుతూ, కావాలని పదహారు లక్షల్ని అరవై ఒకటి అని చదివింది. మాస్టారు స్కేలు జరిపాడు, సరే అన్నాడు. స్కేలు ఏ లైను కిందా లేదు, రెండు లైన్ల మధ్య తెల్లజాగాలో ఉంది.

"మాస్టారూ," అంది కాగితం దింపి, "ఈ పేజీలో ముద్రణాలయం కింద ఎన్ని లైన్లున్నాయి?"

ఆయన ప్రూఫుని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, కిటికీ వైపు తిప్పాడు. తర్వాత నెమ్మదిగా బల్ల మీద పెట్టేశాడు.

"ఎన్నాళ్లయింది?" అంది.

"రెండేళ్లు దాటింది. పెద్ద అక్షరాలు ఇంకా ఆనుతున్నాయి. ఇలాంటి చిన్నవి మాత్రం చీమలు పాకినట్టుంటాయి. చూపు ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు." ఆయన గొంతు తగ్గింది. "నీ గొంతు తడబడితే అక్కడ తప్పుందని తెలుసుకునేవాణ్ణి అమ్మాయ్. నువ్వు నోటితో చదువుతూ ఓరకంట నా ప్రూఫు కూడా చూస్తావు, నీకే తెలీదు. తప్పు కనబడితే నీ గొంతు ఆగుతుంది. నేనక్కడ సున్నా చుడతాను. నువ్వు చూసి దిద్దుతావు."

నిజమే. ఈ రెండేళ్లుగా "ఆ అక్షరం కాస్త నువ్వు రాయి, చెయ్యి నొప్పెడుతోంది" అని పెన్సిలు ఆమెకే ఇస్తున్నాడు. చేతినొప్పి అనుకుని ఆమె నూనె సీసా కూడా తెచ్చిచ్చింది. ఇద్దరి పనీ ఒక్కతే చేస్తోందని ఆమెకే తెలియదు. ఇప్పుడా ఒక్కదాన్నే అక్కర్లేదంటున్నారు. కోపం రావాల్సిన చోట ఆమెకి ఉత్త నీరసం వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, వదిలేసిన లైను అప్పుడు చదివింది. కామాలతో సహా, ఎక్కడా గొంతు ఆపకుండా చదివింది.

మాస్టారు సరే అనలేదు. "ఆ లైను ఎక్కడుందో నా పెన్సిలు దాని మీద పెట్టు. నేను కొట్టేస్తాను" అన్నాడు.

"వద్దు."

"కింద మొత్తం తేడా వస్తుందని భయమా?"

ఆ మాటకి ఆమె పేజీ అడుగున చూసింది. అలవాటు కొద్దీ జాబితా మొత్తం మనసులో కూడింది. మూడు వందల పన్నెండు కోట్ల ఇరవై ఏడు లక్షలు వచ్చింది. కింద అచ్చులో మాత్రం మూడు వందల పన్నెండు కోట్లు అని ఉంది. కోటి లోపువి లెక్కలోకి రావని రౌండు చేసేశారు. ఆమెకి నవ్వొచ్చింది, అది నవ్వులా మాత్రం బయటికి రాలేదు.

"తేడా రాదు మాస్టారూ. నన్ను తీసేసినా, ఉంచినా ఆ మొత్తం అదే. వాళ్లు నలుసులని ఊడ్చిపారేసినదాంట్లోనే నా జీతాలు అయిదున్నాయి."

మాస్టారికి అది దెబ్బ తగిలినట్టయింది. "మరైతే ఎందుకు కోస్తున్నారు?" అన్నాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు. టీ మానేసిన మనిషి, బస్సు మానేసిన మనిషి. ఏ పొదుపూ వృథా పోదని నమ్మి ముప్పై ఆరేళ్లు ఈ కుర్చీలో బతికిన మనిషి.

"జాబితాలో లైన్లు ఎక్కువ కనబడాలి కదా."

"అయితే కొట్టేద్దాం. ఎవరికీ తెలీదు."

"ప్రతి పేజీ కిందా మీ సంతకముంటుంది. రేపు రాతప్రతితో ఎవడైనా పోల్చి చూస్తే పోయేది మీ పింఛను. మీ ఇంట్లో పిన్నిగారి మందులకి అదొక్కటే దిక్కు. నా పొట్ట కోసం మీ పొట్ట కొట్టమంటారా?" అని, ఆయన చేతిలోంచి పెన్సిలు తీసి అవతల పెట్టేసింది. "లైను ఉండనివ్వండి."

భోజనాల గంట కొట్టారు. ఆమె క్యాంటీన్ నుంచి వచ్చిన డబ్బా తెరిచింది గాని మెతుకు దిగలేదు. మాస్టారు అసలు తెరవలేదు. లేచి, గోడ పట్టుకుని, మేనేజరు గదికి నడిచాడు. ఎందుకెళ్లాడో అరగంటలో అంతస్తంతా తెలిసిపోయింది.

ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు. కళ్లు పోయాయని తానే చెప్పుకుంటే అనారోగ్యం కింద పింఛనిచ్చి ఇంటికి పంపుతారు. ప్రూఫ్ రీడరు పోస్టు ఖాళీ అవుతుంది. ఆ పని ఎలాగూ ఆమే చేస్తోంది, దాన్నే ఆమెకి ఇస్తారు. మేనేజరు ముందు నిలబడి చెప్పాడట: "నిన్నటి నుంచే చూపు ఆనడం లేదు. నా కుర్చీ ఆ అమ్మాయికి ఇవ్వండి. నాకంటే బాగా చేస్తుంది." నిన్నటి నుంచి అన్నది అబద్ధం. తప్పులు దిద్దుతూ బతికిన మనిషి ఆ అబద్ధం ఎంత కష్టం మీద ఆడాడో మేనేజరుకి తెలిసే అవకాశం లేదు.

మేనేజరు మంచివాడే, కాగితం దాటి ఆలోచించడు అంతే. పక్కనే ఉన్న సంచి సారుని పిలిచాడు. ఇద్దరూ అనుబంధం మొదటి పేజీ తిరగేశారు. ఖాళీ అయిన ఏ పోస్టునూ ఈ ఏడాది భర్తీ చేయరాదు. ఆ పొద్దునే ఆమె చదివిన వాక్యం అది, ఆయన సరే అన్న వాక్యం. ఆయనకి ఆ వాక్యంలో ఫుల్‌స్టాప్ వినబడింది, మాట వినబడలేదు. తన కుర్చీ ఖాళీ చేస్తే అది ఆమెది అవుతుందనుకున్నాడు. ముప్పై ఆరేళ్ల పనితనం చివరికి ఆయన్ని అలా ముంచింది.

"ఒకటి అడిగితే రెండు ఇచ్చారు మాస్టారు. పెద్ద మనసు" అన్నాడు మేనేజరు సంతోషం పట్టలేక. పైనుంచి ఏ శాఖ ఎన్ని పోస్టులు తగ్గించిందో అడుగుతున్నారట, ఆయన ఒక్కటే చూపించి మాటలు పడుతున్నాడట. సంచి సారు రాతప్రతిలో ఆ లైను కొట్టేసి, పైన చేతిరాతతో కొత్తది రాసి, పక్కన బాణం వేసి, సంతకం పెట్టాడు. కొత్త పేజీ అచ్చు తీసి పంపారు. వైద్య పరీక్ష అయ్యేదాకా ఆయన ఉద్యోగంలో ఉన్నట్టే కాబట్టి, గేటు తాళం తీసేవరకు ఈ జంటే చదవాలి.

మాస్టారు కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "నిన్ను ఒడ్డున పడేద్దామని వెళ్లి నేనూ మునిగాను అమ్మాయ్. నిన్నూ తేల్చలేకపోయాను" అన్నాడు.

"ఊరుకోండి మాస్టారూ." ఆయన మీద జాలి, తన మీద జాలి, ఇంటికి వెళ్లి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఏమని మొదలుపెట్టాలన్న దిగులు, అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఫోనైనా లేదు, ఇంకా అయిదు రోజులు ఈ కబురు మోసుకుంటూ ఇక్కడే ఉండాలి. పేజీ అందుకుంది.

"ముద్రణాలయం, కామా, వాహనం మరమ్మతులు, కామా, మూడు లక్షలు, ఫుల్‌స్టాప్."

"సరే."

"ముద్రణాలయం, కామా, చదువరి పోస్టు, కామా, ప్రూఫ్ రీడరు పోస్టు, కామా, రెండు, కామా, రద్దు, కామా, పదమూడు లక్షలు, ఫుల్‌స్టాప్."

"సరే" అన్నాడు మాస్టారు. స్కేలు ప్రూఫు మీద కాకుండా బల్ల మీద జరుగుతోంది. ఆమె ఇప్పుడు దాచకుండా రెండు కాగితాలూ తనవైపే పెట్టుకుని చదువుతోంది. కొలతల శాఖ అయింది, ఇంకో ముప్పై శాఖలయ్యాయి. పేజీ అడుక్కి వచ్చేసరికి ఆమె ఆగింది.

కొత్త మొత్తం మనసులో కూడింది. మూడు వందల పన్నెండు కోట్ల ముప్పై అయిదు లక్షలు. కింద అచ్చులో మూడు వందల పన్నెండు కోట్లు. పొద్దున ఉన్నదే.

మాస్టారు ముందుకు వంగాడు. చూపు ఆనని కళ్లు ఆమె గొంతున్న వైపు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "మొత్తం ఎంత అమ్మాయ్? ఇద్దరం పోతున్నాం కదా, ఈసారైనా కదిలిందా?"

ఆ "ఈసారైనా" అన్న మాట దగ్గర చదువరమ్మకి గుండె నీరైపోయింది.

"మొత్తం," అని బిగ్గరగా, ఒక్క అంకె దగ్గరా గొంతు ఆపకుండా చదివింది, "మూడు వందల పదమూడు కోట్లు, ఫుల్‌స్టాప్."

మాస్టారు మెల్లగా వెనక్కి వాలాడు. "సరే," అన్నాడు. "చూశావా, కదిలింది."

"కదిలింది మాస్టారూ" అంది, ఆయన చెయ్యి పట్టుకుని సంతకం పెట్టాల్సిన చోట ఆనించింది.